ఎదురు లైటు, ఎర్ర కళ్ళు

లారీ డ్రైవర్లకు కంటి క్యాంపు పెడితే చాలామంది కళ్ళు చూపించుకోవడానికి రారు, కాగితం కోసం వస్తారు. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు రెన్యువల్‌కి ఫారం 1ఏ మీద డాక్టరు సంతకం కావాలి. ఆ సంతకానికి ముందు నాలాంటి ఆప్టోమెట్రిస్ట్ ఎవరో ఒకరు చూపు కొలిచి అంకెలు వేయాలి. "నాకు కళ్ళు బాగానే కనిపిస్తన్నాయి సార్, రాసీయండి. బండి లోడై ఉంది" అంటారు. అబద్ధం కూడా కాదు. ఆరు మీటర్ల అవతల వెలుగుతున్న బోర్డు మీద పైనుంచి కింది వరస దాకా గడగడా చదివేస్తారు. 6/6 అని రాస్తాను. వెళ్ళిపోతారు.

ఆ బోర్డు మీద నాకు మొదటినుంచీ కొంచెం అనుమానమే. 1862లో స్నెల్లెన్ అనే డచ్చి కంటి డాక్టరు తయారు చేసిన పద్ధతి అది. తెల్లటి వెనకతలం మీద నల్లటి అక్షరం, మంచి వెలుతురు, కదలకుండా కూర్చున్న మనిషి, కదలని అక్షరం. అద్దాలు రాయడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. కానీ అర్ధరాత్రి అనకాపల్లి దాటి తుని వైపు పోతున్న డ్రైవరుకి తెల్లకాగితం మీద నల్ల అక్షరం ఎక్కడ ఎదురవుతుంది? అతనికి ఎదురయ్యేవి వేరు. డిప్పు కొట్టకుండా హైబీమ్‌తో మీదికొచ్చే బస్సు, టెయిల్ లైటు లేకుండా రోడ్డు పక్కన ఆపిన ఇసుక లారీ, డివైడర్ మధ్యలోంచి తలపెట్టి చూసే గేదె, రాంగ్ రూటులో వచ్చే ఆటో.

నేనుండేది అనకాపల్లిలోనే. జాతీయ రహదారి 16 పక్కనే పుట్టి పెరిగాను, ఇరవై ఏళ్ళ పైబడి కళ్ళు పరీక్షించే పనిలోనే ఉన్నాను. మా వైపు గంజాయి మాట రోజూ పేపర్లో ఉంటుంది. నర్సీపట్నం దగ్గర ఇన్ని కేజీలు, సబ్బవరం దగ్గర అన్ని కేజీలు, లారీలో కొబ్బరికాయల కింద, కారు డోర్ల లోపల. ఏజెన్సీలో పండే శీలావతి రకానికి దేశమంతా గిరాకీ అని రాస్తారు. దీనివల్ల చింతపల్లి, పాడేరు వైపు మనుషులందరికీ ఒక చెడ్డపేరు అంటుకుంది. డబ్బంతా కొండ కింద ఉన్నవాళ్ళు తిని, కేసు మాత్రం మూట మోసిన కుర్రాడి మీద పడే వ్యవహారమిది. ఆ సంగతి మరోసారి. ఇవాళ రాయాలనుకున్నది ఎన్ని కేజీలు దొరికాయన్నది కాదు. ఆ సరుకు తాగినవాడు స్టీరింగ్ పట్టుకుంటే కంటి దగ్గర ఏమవుతుందన్నది. నా పని కన్ను గనక అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

దీనికి కారణం మా అక్క కొడుకు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. చలికాలం వస్తే వాడి బ్యాచ్ మొత్తానికి లంబసింగి, వంజంగి పిచ్చి. విశాఖలో అర్ధరాత్రి బయల్దేరి ఘాట్ ఎక్కి తెల్లవారే వేళకి మబ్బుల పైన నిలబడి ఫోటోలు దిగాలి. మొన్న పండక్కి ఇంటికొచ్చినప్పుడు, వాళ్ళమ్మ వంటింట్లో ఉన్న టైం చూసి అడిగాడు.

"మామయ్యా, గంజాయి కొడితే రాత్రిపూట చూపు ఇంకా షార్ప్ అవుతుందట కదా? సైంటిఫిక్‌గా ప్రూవ్ అయిందట."

"ఎవడు చెప్పాడ్రా?"

"ఫ్రెండ్ ఒకడు. జమైకాలో జాలర్లు అందుకే తాగుతారట."

కొట్టిపారేద్దామనుకున్నాను గానీ, ఆ కుర్రాడెవడో కొంత చదువుకునే మాట్లాడాడు. ఈ కథకు మూలం ఉంది. జమైకాలో చీకట్లో చేపలు పట్టే జాలర్లు గంజాయి సారం వల్ల తమకు రాత్రి చూపు పెరుగుతుందని చెప్పుకుంటారని 1991లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. 2004లో మొరాకో రిఫ్ కొండల్లో ఇలాంటి నమ్మకాన్నే పరికరంతో కొలిచి చూశారు. కొలిచింది ఏ కొద్దిమందినో. 2016లో కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు కప్పపిల్లల మీద ప్రయోగం చేసి, ఈ రకం రసాయనాలు తగిలినప్పుడు కంటి తెరలోని కొన్ని కణాలు మసక వెలుతురుకి ఎక్కువగా స్పందిస్తున్నాయని చూపించారు. అంటే చీకట్లో మిణుకుమనే కాంతిని పసిగట్టే విషయంలో ఏదో కొంత మార్పు ఉండొచ్చు. దాన్ని పూర్తిగా కాదనడానికి నేను సిద్ధంగా లేను.

కానీ సముద్రం మీద జాలరికి ఎదురుగా హైబీమ్ వేసుకుని ఎవడూ రాడు. అతని కన్ను గంటల తరబడి చీకటికి అలవాటుపడి ఉంటుంది. పడవ నడిచేదే నెమ్మదిగా. ఘాట్ రోడ్డు మీద సంగతి వేరు. అక్కడ చీకటి, వెంటనే కళ్ళు చెదిరే వెలుగు, మళ్ళీ చీకటి. ప్రతి మలుపులోనూ ఇదే. డ్రైవరుకి కావాల్సింది చీకట్లో మిణుకుని పట్టుకునే శక్తి కంటే, ఎదురు లైటు దాటిపోగానే చూపు తేరుకునే వేగం. ఈ రెండూ కంటికి వేరువేరు పనులు. మొదటిదాంట్లో ఏ కాస్తో లాభం ఉందనుకున్నా, రెండోదాంట్లో నష్టమే తేలింది. కాలిఫోర్నియాలో బర్కిలీ యూనివర్సిటీకి చెందిన ఆడమ్స్, బ్రౌన్, మరికొందరు 1970ల్లోనే దీన్ని కొలిచారు. కంట్లోకి గట్టి వెలుగు కొట్టి, మళ్ళీ సరిగా కనిపించడానికి ఎంతసేపు పడుతుందో చూశారు. గంజాయి తాగాక ఆ సమయం పెరిగింది. మందు తాగినా పెరిగింది.

ఇక్కడ చిన్న లెక్క. బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకి 22 మీటర్లు కదులుతుంది. చూపు తేరుకోవడానికి ఒక్క సెకను ఆలస్యమైతే, రెండు లారీలు వరసగా నిలబెట్టినంత దూరం గుడ్డిగా నడిపినట్టే. ఘాట్‌లో వేగం సగమే ఉండొచ్చు, కానీ అక్కడ 11 మీటర్ల తర్వాత రోడ్డే ఉండకపోవచ్చు.

ఈ మధ్యకాలంలో నాకు బాగా ఉపయోగపడిన పరిశోధన స్పెయిన్‌లోని గ్రనాడా యూనివర్సిటీ వాళ్ళది. 2021లో వచ్చింది. మామూలుగా గంజాయి తాగే అలవాటున్న 31 మందిని తీసుకుని, తాగని రోజు ఒకసారి, తాగిన తర్వాత ఒకసారి కళ్ళు పరీక్షించారు. మా లాంటి క్లినిక్‌లలో చేసే పరీక్షలే అన్నీ. అందుకే చదువుతుంటే నాకు ఒక్కో పరీక్షా కళ్ళముందు కనిపించింది.

అక్షరాల బోర్డు మీద చూపు తగ్గింది. దాని సంగతి పెద్దగా చెప్పను, ఆ కొంచెం తగ్గినా డ్రైవరు బోర్డు చదివేస్తాడు. కాంట్రాస్ట్, అంటే వెనకున్న రంగులోంచి వస్తువుని విడిగా పట్టే చూపు, తగ్గడం అసలు విషయం. దీనికి పెల్లి-రాబ్సన్ చార్టు అని ఒకటి ఉంటుంది. దాంట్లో అక్షరాలన్నీ ఒకటే సైజు, పెద్దవే. కానీ కిందికి వెళ్ళేకొద్దీ నలుపు వెలిసిపోతూ బూడిదరంగై, చివరికి తెలుపులో కలిసిపోతుంది. శుక్లం మొదలైనవాళ్ళు మామూలు బోర్డు మీద 6/6 చదివి, ఈ చార్టు మీద మధ్యలోనే ఆగిపోతారు. "అక్కడ ఇంకేమీ లేవు కదా సార్" అంటారు నమ్మకంగా. రోడ్డు మీద ఈ వెలిసిపోయిన అక్షరాలేవో తెలుసా? పొగమంచులో బూడిదరంగు దుప్పటి కప్పుకుని నడిచిపోయే ముసలాయన. రేడియం స్టిక్కరు ఊడిపోయిన ట్రాక్టరు ట్రాలీ. నల్లటి తారు మీద నల్ల గేదె. లంబసింగి రోడ్డులో డిసెంబరు తెల్లవారుజామున దాదాపు అన్నీ ఇలాంటివే.

తర్వాతది లోతు అంచనా. రెండు కళ్ళూ కలిసి పనిచేస్తేనే ఇది వస్తుంది. క్లినిక్‌లో దీనికి పెద్ద ఈగ బొమ్మ ఒకటి ఉంటుంది. ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టి "ఈగ రెక్క పట్టుకోండి" అంటాం. లోతు కనిపించేవాళ్ళ వేళ్ళు కాగితానికి పైన గాల్లోనే ఆగుతాయి, ఎందుకంటే వాళ్ళకి రెక్క పైకి లేచి ఉన్నట్టు కనిపిస్తుంది. లోతు తెలియనివాళ్ళు కాగితాన్నే తడుముతారు. పిల్లలైతే ఆ ఈగని చూసి కెవ్వుమని చెయ్యి లాగేసుకుంటారు, నాకు ఈ ఉద్యోగంలో ఇష్టమైన ఘట్టం అదే. గ్రనాడా వాళ్ళు ఇలాంటి త్రీడీ చూపు కూడా తాగిన తర్వాత తగ్గిందని తేల్చారు. దగ్గరి నుంచి దూరానికి ఫోకస్ మార్చుకునే శక్తి కూడా దెబ్బతింది. మీటర్ చూసి తల ఎత్తినప్పుడు, ఫోన్‌లో మ్యాప్ చూసి రోడ్డు చూసినప్పుడు కన్ను చేసే పని అది. వెలుగు కంటి లోపల చెదిరిపోవడం పెరిగింది, అందువల్ల లైట్ల చుట్టూ వలయాలు పెద్దవయ్యాయి.

ఇవన్నీ ఒక ఎత్తు. తాగిన తర్వాత మీ చూపు ఎలా ఉందని అడిగితే, వాళ్ళలో 30 శాతం మంది ఏమీ తేడా లేదన్నారు. 65 శాతం మంది కొద్దిగా తగ్గిందన్నారు. నన్ను కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టింది ఈ అంకెలే. కంట్లో నలక పడితే తెలుస్తుంది, చత్వారం వస్తే పేపరు దూరం జరుపుతాం గనక తెలుస్తుంది. కాంట్రాస్ట్ పోతే తెలియదు. కనిపించనిది కనిపించడం లేదని మనిషికి తెలిసే మార్గం లేదు. గేదెను చూడనివాడు "గేదెని చూడలేదు" అనుకోడు, రోడ్డు ఖాళీగా ఉందనుకుంటాడు.

ఇంకో పరిశోధన గురించి కూడా చెబుతాను, ఎందుకంటే దాన్ని ఇంటర్నెట్‌లో బాగా వాడేస్తున్నారు. 2017లో ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో, చాలాకాలంగా గంజాయి తాగేవాళ్ళ కంటి తెర నుంచి వచ్చే విద్యుత్ సంకేతాన్ని కొలిచారు. తాగనివాళ్ళలో సుమారు 88 మిల్లీసెకన్లకు వచ్చే సంకేతం, తాగేవాళ్ళలో సుమారు 98 మిల్లీసెకన్లకు వచ్చింది. "గంజాయితో కంటి నరం ఆలస్యం, యాక్సిడెంట్లు ఖాయం" అని దీన్ని తిప్పి రాసినవాళ్ళున్నారు. లెక్క వేయండి. పది మిల్లీసెకన్లలో 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి కదిలేది 22 సెంటీమీటర్లు. దానివల్ల యాక్సిడెంట్ అవుతుందని నేను చెప్పలేను. కంటి తెర కణాల పనితీరులో ఏదో తేడా వస్తోందని మాత్రం అది చెబుతోంది. భయపెట్టడానికి దొరికిన ప్రతిదాన్నీ వాడేస్తే, కుర్రాళ్ళు ఒక అబద్ధం పట్టుకుని మిగతా నిజాల్ని కూడా అవతల పారేస్తారు. మా మేనల్లుడి వయసువాళ్ళు గూగుల్‌లో వెతకకుండా ఏదీ నమ్మరు.

కన్ను దాటి మెదడు దగ్గరికి వెళితే విషయం ఇంకా చిక్కనవుతుంది. అది నా శాఖ కాదు గానీ డ్రైవింగ్ అంటే రెండూ కలిపే. బండిని లైను మధ్యలో నిలబెట్టడం, ముందు బండికీ మనకీ దూరం, ఒకేసారి రెండు మూడు విషయాల మీద ధ్యాస, కాలం అంచనా. గంజాయి వీటన్నిటినీ వదులు చేస్తుంది. అమెరికాలో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు అలవాటున్న 191 మందితో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. కొందరికి నిజమైన గంజాయి సిగరెట్, కొందరికి మత్తు తీసేసిన ఉత్తుత్తిది ఇచ్చారు. అరగంటకి, గంటన్నరకి కూడా నిజమైనది తాగినవాళ్ళ డ్రైవింగ్ దెబ్బతినే ఉంది. నాలుగున్నర గంటలకి వచ్చేసరికి తేడా దాదాపు పోయింది. అయితే గంటన్నర దగ్గర ఒక విడ్డూరం. డ్రైవింగ్ ఏమాత్రం మెరుగుపడకపోయినా, "ఇప్పుడు నడపగలను" అనేవాళ్ళు అప్పటికే పెరిగిపోయారు. మత్తు దిగినట్టు అనిపించడం ముందొస్తుంది, దిగడం తర్వాత.

మా పెదనాన్న కొడుకు లారీ నడిపి రిటైరయ్యాడు. విజయవాడ, కటక్, కలకత్తా రూటు అంతా కొట్టినపిండి. "అన్నయ్యా, మీ రోజుల్లో తాగేవాళ్ళా?" అని అడిగితే, "ఎందుకు తాగరు, ఢాబా వెనక చిలుం తిరిగీది" అన్నాడు. ఒళ్ళునొప్పులకి, ఒంటరితనానికి. నిద్ర రాకుండా ఉంటుందని కొందరు అనేవారట. అది మాత్రం తలకిందుల మాట, చాలామందిని అది నిద్రలోకే తోస్తుంది. ఆయన ఇంకోటి చెప్పాడు. "మందు తాగినోడు గుద్దేద్దాం అన్నట్టు తోల్తాడు. గంజాయోడు ఎడ్లబండిలా తోల్తాడు. గంజాయోడే నయం."

ఈ మాటలో సగం నిజముంది, పరిశోధనల్లో కూడా ఇదే కనిపిస్తుంది. మందు తాగినవాడు తన శక్తిని ఎక్కువ అంచనా వేసుకుని వేగం పెంచుతాడు, గంజాయి తాగినవాడు తనలో తేడా ఉందని అనుమానించి తగ్గిస్తాడు, ముందు బండికి దూరం పెంచుతాడు. కానీ వేగం తగ్గించడం ఊహించిన ప్రమాదానికే పనికొస్తుంది. ఖాళీ రోడ్డు మీద నలభైలో పోతుంటే వెనకనుంచి తొంభైలో వచ్చే ట్రావెల్స్ బస్సుకి మీరే ప్రమాదం. ఇక గేదె అడ్డొచ్చిందంటే, మీ కాలు బ్రేకు మీదికి వెళ్ళే క్షణాన్ని ముందుగానే తగ్గించి దాచుకోలేరు కదా. పైగా మా వైపు ఎవరూ ఒక్కటే తాగరు. ఒక బీరు, దాని మీద రెండు దమ్ములు. ఈ రెండూ కలిస్తే ఒక్కోదానితో వచ్చే నష్టం కంటే ఎక్కువ నష్టం, బండిని లైనులో నిలపడం మరీ కష్టం. అన్నయ్యకి ఇదంతా చెప్పాను. "సరేలే, నువ్వు బోర్డు చూపించుకో" అన్నాడు.

పోలీసుల సంగతికొస్తే, ఊదుడు మిషను గంజాయిని పట్టదు. అది చూసేది ఆల్కహాల్‌ని, మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. కుర్రాళ్ళకి ఇది బాగా తెలుసు. "మందైతే దొరికిపోతాం, ఇదైతే ఊదినా సున్నా" అని ధైర్యం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో రెండో భాగం ఉందని మాత్రం తెలియదు. బండిని సరిగా అదుపులో పెట్టుకోలేనంతగా ఏ మత్తుమందు ప్రభావంలో ఉన్నా అదే నేరం, అదే శిక్ష. 2019 సవరణ తర్వాత మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారికి రెండేళ్ళ దాకా జైలు లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. తాగినందుకు ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల చట్టం) కింద పడేది దీనికి అదనం. భంగు ఆకుతో చేసింది గనక ఆ రెండో చట్టం నిర్వచనంలోకి రాదని హోలీ రోజున కొందరు లా పాయింట్ తీస్తారు. రాకపోవచ్చు. 185కి ఆ తేడా ఏమీ లేదు, స్టీరింగ్ ముందు భంగు కూడా మత్తే.

అలాగని మత్తులో ఉన్నాడని రుజువు చేయడం సులువు కాదు. మూత్రం కిట్‌తో పరీక్షిస్తే గంజాయి అరిగాక మిగిలే పదార్థం దొరుకుతుంది. ఈ పదార్థం కొవ్వులో కరిగి నిలవ ఉండే రకం గనక, రోజూ తాగేవాడికి మానేసిన కొన్ని వారాల దాకా పాజిటివ్ రావచ్చు. అంటే ఎప్పుడో తాగాడని తెలుస్తుంది, ఇప్పుడు మత్తులో ఉన్నాడని తెలియదు. రక్తంలో కొలిచినా చిక్కే. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం మిల్లీలీటరుకి 5 నానోగ్రాముల టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) అని గీత గీసింది. జర్మనీ 2024లో 3.5 దగ్గర గీసింది. శాన్‌డియాగో వాళ్ళు చూస్తే, రక్తంలో ఎంతుందన్నదానికీ ఎంత చెడ్డగా నడిపారన్నదానికీ పొంతన కుదరలేదు. ఆల్కహాల్‌కి కుదిరినట్టు దీనికి ఒక అంకె కుదరదు.

కాబట్టి చివరికి మళ్ళీ కళ్ళ దగ్గరికే వస్తారు. మా వీధిలో ఉండే ఒక కానిస్టేబుల్ "ఎర్ర కళ్ళు చూస్తే చాలండి, పసిగట్టేస్తాం" అంటాడు. గంజాయితో కంటి పైపొర రక్తనాళాలు వెడల్పవడం నిజమే, ఎరుపు దాంతోనే వస్తుంది. కానీ నా క్యాంపుకొచ్చే డ్రైవర్లలో కళ్ళు తెల్లగా ఉన్నవాడు అరుదు. దుమ్ము, నిద్రలేమి, కిటికీ గాలి, కంట్లో కండ పెరగడం, మెడికల్ షాపులో తనే కొనుక్కున్న చుక్కలు. ఆ ఎరుపు తీసే చుక్కలు ఎక్కువ వాడితే వాటి ప్రభావం దిగగానే కళ్ళు ముందుకంటే ఎర్రగా అవుతాయి. గంజాయి తాగే కుర్రాళ్ళు కూడా అవే చుక్కలు జేబులో పెట్టుకుంటారు. అంటే తాగినవాడి కళ్ళు తెల్లగా, రాత్రంతా ఉల్లిపాయల లోడు తోలినవాడి కళ్ళు ఎర్రగా ఉండొచ్చు. కంటిపాప చూసి చెప్పొచ్చనే నమ్మకం కూడా పాతదే. పాప పెద్దదవుతుందని లాస్‌ఏంజెలెస్ పోలీసులు నమ్ముతుంటే, అక్కడి యూసీఎల్‌ఏ కంటి డాక్టరు హెప్లర్ కొలిచి చూశాడు. పెద్దదవడం పోయి కొంచెం చిన్నదైంది.

ఆయన పరిశోధనలోనే ఇంకో విషయం బయటపడింది. గంజాయి తాగితే కంటి లోపలి ఒత్తిడి తగ్గుతోందని. 1971లో అది ప్రచురించారు. "గంజాయి కళ్ళకు మంచిది" అనే ప్రచారానికి అదే పునాది. నీటికాసుల జబ్బుకి (గ్లకోమాకి) కారణం ఆ ఒత్తిడే గనక మందులా వాడొచ్చు కదా అని. నా దగ్గరికి కూడా ఒక పెద్దాయన వచ్చి గొంతు తగ్గించి, "చుక్కల బదులు అది వాడితే ఏటి బాబూ?" అని అడిగాడు. ఒత్తిడి పావు వంతో, ఇంకాస్తో తగ్గేది నిజం. కానీ మూడు నాలుగు గంటలే. రోజంతా తగ్గి ఉండాలంటే ఆరెనిమిది సార్లు తాగాలి. రాత్రి పడుకోబోయే ముందు వేసే ఒక్క చుక్క తెల్లవార్లూ, మర్నాడంతా చేసే పని అది. పైగా ఒంట్లో బీపీ పడిపోతే కంటి నరానికి రక్తం తగ్గుతుంది, నీటికాసుల వాళ్ళకి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. అమెరికా కంటి డాక్టర్ల అకాడమీ కూడా దీన్ని వైద్యంగా ఒప్పుకోదు. పెద్దాయనకి చుక్కల ఖరీదే అసలు సమస్య. తక్కువ ధర జెనరిక్ ఎక్కడ దొరుకుతుందో రాసిచ్చాను.

ఇది రాస్తున్నానని తెలిసి సియాటెల్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. అక్కడ కొనుక్కోవడం లీగల్, కాబట్టి మనవాళ్ళలో కూడా వీకెండ్ గమ్మీలు (గంజాయి కలిపిన మిఠాయిలు) మామూలైపోయాయట. "పొగ కాదు కదన్నయ్యా, చాక్లెట్‌లాంటిదే. మరి దానికీ కళ్ళు పోతాయా?" అన్నాడు. తిన్నదైతే ఇంకో చిక్కుందిరా అన్నాను. పొగ నిమిషాల్లో ఎక్కుతుంది, తిన్నది ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టొచ్చు. ఏమీ కాలేదని ఇంకోటి నోట్లో వేసుకుని పార్టీ నుంచి కారెక్కితే, సగం దారిలో హైవే మీద ఎక్కుతుంది. అక్కడ రాష్ట్రానికి లీగల్ అయినా కేంద్రానికి కాదు. వీసా మీద ఉన్నవాడు మత్తులో నడిపి అరెస్టయితే ఆ వీసానే రద్దు కావచ్చు. ఇది వాడికి నాకంటే బాగా తెలుసు.

"మరెన్ని గంటలు ఆగాలి?" అన్నాడు.

కొలరాడో రాష్ట్రం వాళ్ళ సలహా అయితే, 35 మిల్లీగ్రాముల లోపు టీహెచ్‌సీ ఉన్న పొగ తాగితే కనీసం ఆరు గంటలు, 18 మిల్లీగ్రాముల లోపు టీహెచ్‌సీ తింటే కనీసం ఎనిమిది గంటలు. అంతకంటే ఎక్కువ తీసుకుంటే ఇంకా ఎక్కువసేపే ఆగాలి. వాడి డబ్బా మీద ఒక్కో గమ్మీలో ఎంతుందో అచ్చు వేసి ఉంటుంది గనక లెక్క చూసుకోగలడు. మా మేనల్లుడి బ్యాచ్ కొనే పొట్లం మీద ఏ అంకే ఉండదు. శీలావతో, దాంట్లో ఇంకేం కలిపారో అమ్మేవాడికే తెలియదు. అందుకని వాడికి గంటల లెక్క చెప్పలేదు. సాయంత్రం వెలుతురుండగానే ఆర్టీసీ బస్సులో పాడేరు చేరి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామున వంజంగికి అక్కడి జీపు మాట్లాడుకోమన్నాను. జీపువాళ్ళకి ఆ మలుపులు తెలుసు. "రూము, జీపు కలిపి మా బడ్జెట్ దాటిపోద్ది మామయ్యా" అన్నాడు. తేడా ఎంతో చెప్పరా, ఫోన్‌పే చేస్తానన్నాను. ఇంకా చెప్పలేదు.